సేమిసికి చెప్పని మాట

మా అక్క కూతురు లోసేలి చెట్టు బెరడు సాగగొట్టి నారబట్ట చేస్తుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది. పదిమంది ఆడవాళ్లు బెరడు కొడుతున్నా, ఆమె చెక్కసుత్తి చప్పుడు ఏదో నేను కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. పోయిన ఏడాది అది నెమ్మదించింది. "పెళ్లి ధ్యాసేంటే?" అని ఏడిపించాం. ముంజేతుల మీద నల్లటి మచ్చలు చూసి సుత్తి తగిలిందనుకున్నాం. నెలసరి పన్నెండు రోజులైనా ఆగలేదు. ఆ సంగతి మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం, పక్క పాకలో ఆమె తమ్ముడు సేమిసి ఉంటాడని.

మా టోంగా దీవుల్లో అక్కాతమ్ముళ్లు ఒక గదిలో కూర్చోరు. అక్క ఒంటి మాట తమ్ముడి చెవిన పడితే ఆమెకు తలవంపులు. సేమిసి తాను పట్టిన చేపల్లో పెద్దది గుమ్మం బయట పెట్టి, ఒకసారి దగ్గి వెళ్లిపోయేవాడు. వాడి ప్రేమ అంతే.

చిగుళ్ల నుంచి నెత్తురు కారాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. నెత్తురు పుట్టేది ఎముకల్లోని మూలుగలోనని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రోగాల మీదికి వెళ్లాల్సిన ఒంటి కాపలా ఆ మూలుగ మీదే పడి తినేసిందట. ఎందుకో చాలామందిలో తెలియదట. తోడబుట్టినవాడి మూలుగ సరిపోతే ఆక్లండ్‌లో ఎక్కిస్తారు.

"అతన్ని రేపే పరీక్షకి పంపండి," అంది.

"వాడికేమని చెప్పనే?" అంది అక్క దారిలో.

"నేను చెప్తాలే," అన్నాను.

ఐదు వారాలు చెప్పలేదు. నా నోరు పడిపోను. వాడు అడిగినప్పుడల్లా "అక్కకి కాస్త నీరసంరా" అని దాటేశాను.

చివరికి, ఎక్కించిన నెత్తురు కూడా నిలవక, లోసేలే మంచం మీంచి తడిక అవతలికి మాట్లాడింది. "సేమిసీ, నా మూలుగ చచ్చిపోయింది. నీది సరిపోతుందేమో చూపించుకో. సిగ్గుపడే ఓపిక నాకు లేదు."

వాడు ఆ మధ్యాహ్నమే వెళ్లాడు. ఫలితం రాకముందే ఆమెకు జ్వరం వచ్చింది. దాన్ని ఎదిరించే కణాలు ఒంట్లో లేవు. రెండు రోజుల్లో పోయింది.

చావింట్లో తమ్ముడు అక్క కన్నా తక్కువవాడు, శవం దగ్గరికి రాకూడదు. సేమిసి, చావుకి తక్కువవాళ్లు కట్టుకునే చిరుగుచాప చంకల దాకా చుట్టుకుని, పెరట్లో దుంపలు ఉడికిస్తున్నాడు. ఆసుపత్రి కాగితం నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అన్నీ సరిపోయాయి.

వాడు చదివి, మడిచి, మళ్లీ విప్పాడు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు పిన్నీ?"

చెప్పాను.

"రోజూ చేప పెట్టేటప్పుడు గుమ్మం బయటే ఉన్నాగా," అన్నాడు.