వేలిముద్రలు మొలిచేదాకా

నా వేళ్ళ మీద గీతలు లేవన్న సంగతి నాకు యాభై ఏళ్ళు నిండాక తెలిసింది. తెలిసింది కూడా ఎక్కడ? ద్వారకా నగర్‌లో, నా వెనక వరసలో నిలబడ్డ జనమంతా తొంగి తొంగి చూస్తుండగా.

నేను రొయ్యల కంపెనీలో తొక్క తీసేదాన్ని. బ్లీచింగ్ కలిపిన ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తల తుంచడం, తొక్క ఒలవడం, నరం లాగడం. వయసంతా అందులోనే అరిగిపోయింది. కంపెనీ మూతపడ్డాక ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే పనికి పోయాను. ఇంతలో వేసవి వచ్చింది, వేట నిషేధం పెట్టారు, బోట్లన్నీ జెట్టీకి కట్టేశారు. బోటు మీద పనిచేసే మా ఆయన ఇంట్లో కూర్చున్నాడు. కోయడానికి చేపల్లేక నేనూ కూర్చున్నాను. ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చుంటే ఇంటి అద్దె దానంతటది కట్టుకోదు కదా!

మా ఆయన అక్కకి సబ్బవరంలో సొంత ఇల్లుంది. వెనక రేకుల గది ఖాళీ. "అద్దె నేదు, ఏటీ నేదు. వచ్చి పడుండండి" అని ఫోన్ చేసింది. పడుండండి! మా వదిన చెడ్డదని నేను అనను. కానీ ఆ ఇంట్లో చెంచా ఏ మూల పెట్టాలో కూడా ఆవిడే చెబుతుంది. ఒకసారి రెండు రోజులు ఉన్నందుకే నా చేత ఒకే పప్పుకి మూడుసార్లు పోపు పెట్టించింది. ఇక కాపురమే అక్కడంటే నా గతేం కాను?

"ఎల్దామా మరి?" అన్నాడు మా ఆయన, నేల చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాను సచ్చినా రాను. నువ్వెల్లు, మీ అప్ప పప్పు నువ్వే తిను" అన్నాను.

అలా అనేశాను గానీ అద్దె ఎక్కడినుంచి తేవాలి? కంపెనీలో నా పక్కన కూర్చుని తొక్క తీసిన స్నేహితురాలు దారి చెప్పింది. "ఓలప్పా, ఉజ్జోగం మానేసి యాభై నిండితే పింఛను ముందే తీసుకోవచ్చు. తగ్గించిత్తారనుకో. నాను తీసుకోనేదేటి?" పీఎఫ్ డబ్బులు ఏనాడో మా అత్త ఆపరేషనుకు ఊడ్చిపెట్టుకుపోయాయి గానీ, పింఛను మాత్రం అలాగే ఉందట. నా పేరు మీద ఇంకా ఏదో మిగిలి ఉందని వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ద్వారకా నగర్‌లో ఆధార్ పనులూ పింఛను దరఖాస్తులూ చూసే సెంటర్ ఉంది. అక్కడి కుర్రాడు దరఖాస్తు పెట్టాలంటే ఫోనుకి ఓటీపీ రావాలన్నాడు. ఆధార్‌కి ఇచ్చిన నంబరు, దాని ఫోనుతో సహా, జెట్టీ పక్కన నీళ్ళలో పడి చాలా కాలమైంది. కొత్త నంబరు ఎక్కించాలంటే వేలు వెయ్యాలట. వేశాను. ఎర్ర లైటు. ఇంకో వేలు. ఎర్ర లైటే. పదివేళ్ళూ అయ్యాయి.

"గట్టిగా నొక్కండమ్మా."

"ఎంత గట్టిగా బాబూ, మిషను పగిలీదాకానా?"

"మీ వేళ్ళు రావట్లేదమ్మా."

"రాకపోడమేటి? నాతోనే బస్సెక్కి వచ్చాయి కదా!"

వెనక ఒకావిడ నిమ్మకాయ రుద్దమంది. ఒకాయన కొబ్బరి నూనె అన్నాడు. ఇంకొకడు పౌడరన్నాడు. మనకి కష్టమొస్తే చాలు, ఊరంతా డాక్టర్లే. కళ్ళు చూసే మిషనుంటుందట గానీ అది రిపేరుకి పోయిందట.

స్నేహితురాలికి ఫోన్ చేస్తే నవ్వింది. "రొయ్యలు ఒలిసినోళ్ళందరికీ అంతేనే. నెల్లాళ్ళు నీళ్ళల్లో సెయ్యెట్టకు, సబ్బు ముట్టకు. గీతలు అవే మొలుత్తాయి."

ఇంకేముంది! ఆ రోజునుంచి ఇంట్లో తడి పని మొత్తం మా ఆయనది. నడి సముద్రంలో ఈదురుగాలికి వల లాగే మనిషి, మాడిన గిన్నె ముందు చేతులెత్తేశాడు. బియ్యం కడిగితే సగం తూములోకి పోయాయి. నా ఎర్రచీరతో కలిపి ఉతికితే ఆయన తెల్ల బనియన్లన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. పుట్టినప్పటినుంచీ చేపల మధ్య బతికినవాడికి పొలుసు తీయడం రాదంటే నమ్ముతారా? నేను చాప మీద మహారాణిలా కూర్చుని, "అలా కాదు, ఇలా. గరిటె ఆ మూల కాదు, ఈ మూల" అంటుంటే, అచ్చం మా వదినలాగే ఉన్నానని నాకే తోచి నోరు మూసుకున్నాను.

వీధి కుళాయి దగ్గర ఆయన్ని ఆడవాళ్ళు వదిలిపెట్టలేదు. "ఏటన్నా, మా అంట్లు కూడా తోమెత్తావా?" బోటు మీది స్నేహితులు అంతకన్నా ఘోరం. "బావా, కొత్త ఉజ్జోగమేటి? జీతమెంత?" పాపం, తలొంచుకుని పీచుతో గిన్నెలు రుద్దుకునేవాడు.

పొద్దున్నే కిటికీ దగ్గర నా చెయ్యి పట్టుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "బొటనేలు మీద ఏదో కనిపిత్తందే!" "అది కత్తి గాటు." పెళ్ళయిన కొత్తలో కూడా నా చెయ్యి అంతసేపు పట్టుకోలేదు ఆ మనిషి.

ఇలా ఉండగా ఒకరోజు మా వదిన ట్రాలీ ఆటో వేసుకుని దిగింది, మా సామాను ఎక్కించుకుపోదామని. దిగీ దిగగానే కుళాయి దగ్గర గొంతుక్కూర్చున్న తమ్ముణ్ణి చూసింది.

"ఓలమ్మో! నా తమ్ముడి సేత అంట్లు తోమిత్తన్నావేటే? నీ సేతులేటి, పడిపోనాయా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన లేచాడు. మోచేతుల దాకా నురగ.

"దాన్నేటీ అనకప్పా. దాని ఏలిముద్దర్లు వచ్చీదాకా నానే తోముతాను. నీ ఇంటికి రావాలని నాకూ నేదు. అద్దె కట్టలేక సిగ్గేసి ఎల్దామన్నాను. దీన్ని తీసుకొచ్చి నీ రేకుల గదిలో పడెయ్యనేను."

మా వదిన ఖాళీ ఆటోలోనే తిరిగి వెళ్ళిపోయింది. ఆటో కిరాయి మాత్రం మా చేతే ఇప్పించింది. నేను అక్కడే గుమ్మంలో కూలబడ్డాను. ఈయనకి వాళ్ళక్క ఇల్లే ముద్దనుకుని ఇన్నాళ్ళూ సాధించాను. అదీ కాక, ఆవిడ ఎదురుగా ఈయన నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏదో మంచి మాట చెబుదామనుకుంటే, "అడుగున మాడు పోనేదు సూడు" అని వచ్చింది నోట్లోంచి. ఆయన మళ్ళీ కూర్చుని రుద్దాడు.

నెల దాటాక మళ్ళీ సెంటర్‌కి వెళ్ళాం. చూపుడు వేలు పెట్టాను. పచ్చ లైటు! మా ఆయన గట్టిగా చప్పట్లు కొట్టాడు, అందరూ తిరిగి చూశారు. కొత్త నంబరు ఎక్కాక, దరఖాస్తు నొక్కే ముందు ఆ కుర్రాడు ఆగాడు. "అమ్మా, ఇప్పుడు తీసుకుంటే జీవితాంతం తగ్గించే ఇస్తారు. యాభై ఎనిమిది దాకా ఆగితే పూర్తిగా వస్తుంది."

"అన్నేళ్ళూ అద్దె కోసం ఇంటాయన ఆగుతాడేటి బాబూ? నొక్కు."

కొన్నాళ్ళకి పింఛను పడింది. అద్దెలో సగం కూడా కాదు. కానీ వేట ఉన్నా లేకపోయినా నెల తిరిగేసరికి వచ్చి తీరే డబ్బు మా ఇంట్లో అదొక్కటే. దాన్ని చేతిలో పెడితే, మిగతాది బోట్లు కదిలాక ఇమ్మన్నాడు ఇంటాయన. ఇల్లు నిలిచింది.

ఆ కుర్రాడికి చెప్పొద్దామని జీళ్ళ పొట్లం పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. ఒక జీడి నోట్లో వేసుకుని అతను అన్నాడు, "మరిచిపోకండమ్మా. బతికున్నట్టు ఏడాదికోసారి వేలు వెయ్యాలి. పడకపోతే పింఛను ఆగిపోతుంది."

నేను మా ఆయన వైపు చూడలేకపోయాను.

"ఏడాదికి నెల్లాళ్ళే కదా" అన్నాడాయన. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. "పదే, బేగెల్దాం. అంట్లు నానెట్టొచ్చాను."