బాంబు పడలేదు, వేశారు

మా హిస్టరీ మేడమ్ పోయారన్న కబురు నాకు సరళ చెప్పింది. చంద్రగిరిలో మా ఇంట్లో, స్కూలుకు బయలుదేరుతూ బురఖా సర్దుకుంటున్నాను. ఏడాదిగా నాతో మాట్లాడని మనిషి పేరు ఫోన్‌లో కనబడేసరికి ఎత్తాలా వద్దా అని కాసేపు చూసి, ఎత్తాను.

"హసీనా, మేడమ్ పోయినారంట. ఇప్పుడే వాళ్ళ అత్త కొడుకు చెప్పినాడు" అంది. ఆ తర్వాత ఏడ్చింది. మా బ్యాచ్‌లో మేడమ్ చేత అందరికంటే ఘోరంగా మాట పడింది సరళే. అందరికంటే ముందు ఏడ్చిందీ సరళే.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు తల్లిలా చూసుకున్నారనీ, కడుపులో పెట్టుకున్నారనీ రాస్తాం. ఆమె గురించి అట్లా రాస్తే అబద్ధం అవుతుంది. తిరుపతిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన ఈ మనిషి మమ్మల్ని ఏనాడూ కడుపులో పెట్టుకోలేదు. ఆన్సర్ పేపర్లు ఇచ్చే రోజు అన్నిటికంటే అధ్వానంగా రాసిన పేపరు తీసి, పేరుతో సహా గట్టిగా చదివేవారు. ఆ పిల్ల ఏడిస్తే, "ఏడుపు అయినాక చెప్పు, రెండో పేజీ చదువుతా" అనేవారు. నగరి నేత చీరలు తప్ప వేరే కట్టేవారు కాదు. ఆమెది అక్కడి మగ్గాల ఇల్లే. కోపం ఎక్కువైతే మాటలోకి అరవం దూరేది. అరవం వినబడిందంటే చాలు, వెనక బెంచీల వాళ్ళు కూడా తల దించుకునేవారు.

'హిరోషిమా మీద బాంబు పడింది' అని రాసినందుకు నాకు ఒకసారి సున్నా వేశారు. నేను పేపరు పట్టుకొని నిలబడితే అందరి ముందూ చెప్పారు. "వాన పడుతుంది. పిడుగు పడుతుంది. బాంబు పడదమ్మే, వేస్తారు. వేసిన చెయ్యి ఒకటి ఉంటాది. నీ వాక్యంలో ఆ చెయ్యి నాకు కనబడలేదు."

మా ఫైనలియర్లో ఆ పాఠం అయినాక క్లాసులో వాదన పెట్టారు. యుద్ధం ఆపడానికి అణుబాంబు వెయ్యడం న్యాయమేనా? న్యాయమేనని సరళ మాట్లాడింది. చిత్తూరు అమ్మాయి, మా క్లాసులో ఫస్టు. బాంబు వెయ్యకుంటే యుద్ధం ఇంకెన్నాళ్ళో సాగేదనీ, జపాను గడ్డ మీద అడుగు పెట్టి పోరాడితే రెండు పక్కలా ఇంకెంతమంది చచ్చేవారో అనీ, కొందరి చావుతో అందరి చావూ ఆగిందనీ తడబడకుండా చెప్పింది. కాదని మాట్లాడాల్సింది నేను. లేచి నాలుగు మాటలు అన్నాను, గొంతు పట్టేసింది, కూర్చున్నాను.

"నోట్లో నాలుక ఉండాదా, పండ్లు మాత్రమే ఉండాయా?" అన్నారు మేడమ్. ఆమె నా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ అన్నారు. తర్వాత, "రేపు మా నాయన్ను తీసుకొస్తా. మీరెవురూ అడగని మనిషి ఆయన" అన్నారు.

మరుసటి రోజు మధ్యాహ్నం వచ్చారాయన. తెల్ల పంచె, చేతికర్ర, సన్నటి మనిషి. భార్య పోయినాక కూతురి దగ్గరే ఉంటున్నారు. కుర్చీ వేస్తే అంచున కూర్చుని, మాలో ఎవరి ముఖమూ చూడకుండా బల్లకేసి చూస్తూ చెప్పారు.

"మేము ఇద్దరన్నదమ్ములం. నగరిలో మగ్గాలాగిపోయి కూటికి లేకపోతే, కూలోళ్ళను కూడగట్టే మేస్త్రీ మాట ఇని మలయాకు పోయినాము, రబ్బరు తోటల్లోకి. అంతలో జపానోళ్ళు వచ్చి తెల్లదొరల్ని తరిమినారు. మంచి కూలి ఇస్తామని సెప్పి మమ్మల్ని రైలెక్కించి సయాం దేశం అడివిలోకి తోలినారు, రైలుదారి ఎయ్యను. పోయినాక తెలిసింది, ఆణ్ణించి ఎనక్కొచ్చే దారి లేదని."

 మేడమ్ కిటికీ పక్కన నిలబడే ఉన్నారు.

"కలరా వచ్చినోళ్ళనంతా ఒక పాకలోకి తోసి, పాకకు నిప్పు పెట్టినారు. లోపల కొందురు ఇంకా అరస్తా ఉండినారు. నాకు కాలికి పుండు పట్టింది. పురుగులు పడితే స్పూనుతో గీకినారు, ఎముక కనబడే దాకా." పంచె పైకి లాగి చూపించారు. పిక్క ఉండాల్సిన చోట పల్లం ఉంది. పల్లం నిండా నున్నటి నల్లటి తోలు. ముందు బెంచీలో ఒకమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"మా తమ్ముడికి జొరమొచ్చి లేవలేకపోయినాడు. నాటకాలాడతా ఉండావని ఎండలో నిలబెట్టి నెత్తిన రాయి మోపినారు. నా కండ్ల ముందరే కూలబడినాడు. గుంత నన్నే తవ్వమన్నారు. తవ్వినా. వాడు పోయి నెల తిరక్కముందే ఒకనాడు జపానోళ్ళు తుపాకులు కిందబెట్టి, మూలమూలన కూసోని ఏడ్చినారు. ఎందుకో మాకు తెల్లేదు. యాడనో పెద్ద బాంబులేసినారని తర్వాత సెప్పినారు."

సరళ లేచింది. "తాతా, అయితే బాంబు వెయ్యడం న్యాయమేనా?"

"న్యాయమే" అన్నారు ఆయన, వెంటనే. "లేటు జేసినారు. నెల ముందు ఏసుంటే మా తమ్ముడు ఉండేటోడు."

సరళ చప్పట్లు కొట్టింది. ఇంకొందరు కలిశారు. నేనూ కొట్టేదాన్నేమో, మేడమ్ ముఖం చూసి ఆగాను.

ఆమె వచ్చి తండ్రి కుర్చీ ముందు నిలబడ్డారు. "నాయనా, ఆ పొద్దు ఆ ఊర్లో ఇస్కూలు పిల్లోళ్ళను రోడ్లమీద పనికి తెచ్చినారు. పడగొట్టిన ఇండ్ల కట్టెలూ పెంకులూ ఎత్తిపోస్తా ఉండినారు వాండ్లు. నా క్లాసు పిల్లోళ్ళకంటే చిన్నోళ్ళు. ఒంటిమీద తోలు ఊడి చేతుల్నుంచి యాలాడతా ఉంటే, నీళ్ళు నీళ్ళనుకుంటా ఏట్లోకి పోయి ఆడనే సచ్చినారు. వాండ్లలో ఎవురు మోపినారు మా చిన్నాయన నెత్తిన రాయి?"

"ఎవురూ మోపలేదు."

"మరి?"

 పెద్దాయన తల ఎత్తి కూతుర్ని చూశారు. "నువ్వు సదువుకున్నావు గదా, నువ్వే సెప్పు. ఆ బిడ్డలు బతికుంటే నేను ఆ అడివిలోనే సచ్చేటోణ్ణి. నువ్వు పుట్టేదానివే గాదు. ఎవురుండాల?"

క్లాసంతా ఆమె వైపే చూస్తోంది. ఆమె గొంతు పెంచలేదు. "నేను పుట్టకుంటే నాకేం తెలుస్తాది నాయనా? వాండ్లకు తెలిసింది. కాలేటప్పుడు."

"అంటే నేను బతికింది తప్పా?"

కాదు అని ఆమె అనలేదు. ఆ ఒక్క మాట కోసం మేమందరం ఎదురుచూశాం. ఆయన కూడా కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుచూశారు. తర్వాత లేచి, పంచె దులుపుకుని, మెల్లగా వరండాలోకి నడిచారు. ఆమె వెనక వెళ్ళలేదు. "చప్పట్లు కొట్టినోళ్ళు నిలబడండి" అన్నారు. గంట కొట్టేదాకా వాళ్ళను అట్లాగే నిలబెట్టి పై పాఠం చెప్పారు.

ఆ రోజు ఆయన కాలేజీ నుంచి నేరుగా బస్టాండుకు పోయి నగరి బస్సెక్కారు. మళ్ళీ తిరుపతికి రాలేదు. అక్క కొడుకుల పవర్‌లూమ్ షెడ్డు పక్కన ఒక గదిలో ఉండిపోయారు. మేడమ్ ప్రతి ఆదివారం వెళ్ళేవారు, వండిన క్యారియరుతో. ఆయన ఆ షెడ్డులో అందరితో మాట్లాడేవారు, ఆమెతో తప్ప. క్యారియరు మాత్రం ఖాళీ అయ్యేదట. "మెతుకు పారెయ్యడు గదా మా నాయన, నేను పెట్టినా సరే" అన్నారు ఒకసారి, నవ్వుతూ. ఆమె నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

ఆయన పోయినప్పుడు నేను నగరికి వెళ్ళాను. మగ్గాలు ఆపేశారు. ఆ మోత లేకపోవడంతో వాకిట్లో ఆడవాళ్ళు గుసగుసలాడిన మాట కూడా స్పష్టంగా వినబడింది. "యముడు ముట్టని మనిషిని, కన్నబిడ్డ సంపింది." మేడమ్ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు. విన్నారు. పంచె కిందికి లాగి ఆ పల్లం కప్పారు, అంతే.

నాతో ఆమె ఎంత కర్కశంగా ఉన్నారో, అంతగా నన్ను వదలకుండా పట్టుకున్నారు. ఆ వాదనలో గొంతు పట్టేసినందుకు వారానికొకసారి బోర్డు దగ్గర నిలబెట్టి ఏదో ఒకటి మాట్లాడించేవారు. ఒకసారి వణుకుతూ కన్నీళ్ళు పెట్టుకుంటే, "నువ్వు మాట్లాడకపోతే నీ బదులు ఇంకెవరో మాట్లాడేస్తారు. అది నీకు నచ్చదు" అన్నారు. మా అబ్బా చంద్రగిరి బజారులో తాళాలు బాగుచేసేవారు. పై చదువు ఆయన వద్దంటే మేడమ్ అంగడి ముందుకొచ్చి నిలబడి, "ఈ పిల్లకు నోరు తెరిపించడానికి నాకు ఏడాది పట్టింది. మళ్ళీ తాళం వెయ్యొద్దు" అన్నారు. ఈ రోజు నేను హైస్కూల్లో సోషల్ చెప్తున్నానంటే ఆ మాట వల్లే.

నేను మాట్లాడకపోతే నా బదులు ఇంకెవరో మాట్లాడేస్తారన్న ఆమె మాట నిజమని నిరుడు తెలిసింది. సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సరళ రాసింది: "ఒక్కటి వేస్తే పీడ విరగడవుతుంది. అప్పుడు యుద్ధం ఆగింది అట్లాగే కదా. మేడమ్ వాళ్ళ నాయన కూడా అదే చెప్పినారు." వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. కింద ఇంకొకామె, "హసీనా ఏమీ అనడం లేదే?" అని రాసింది. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకు తెలుసు. రాసినామెకూ తెలుసు. స్టాఫ్ రూములో ఫోన్ పట్టుకుని, నేను ఎవరి పక్షమో నిరూపించుకునే వాక్యం వెతుక్కుంటున్నాను. టైపు చేస్తున్నాను, చెరిపేస్తున్నాను.

అంతలో, ఆ గ్రూపులోనే ఉన్న మేడమ్ గొంతు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. బొంగురుగా, మధ్యమధ్య తెగిపోతూ.

"సరళా, మా నాయన్ను నువ్వు వాడుకోవద్దు. ఆయన ఆ మాట అన్నాడు, కాలు చూపించి అన్నాడు. నువ్వేం చూపిస్తావు? నీ మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకో. వాడి చేతిమీద తోలు వేళ్ళతో పట్టుకో. ఊడి వస్తే ఎట్లుంటాదో చూసి, అప్పుడు మళ్ళా ఆ మాట టైపు చెయ్యి. హసీనాను నిలదీసే వాళ్ళెవరో ముందు నాకు జవాబు చెప్పండి."

సరళ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. మనవడి మాట ఎత్తినందుకు చాలామంది మేడమ్‌నే తప్పుపట్టారు. అంత క్రూరంగా అనాల్సింది కాదని నాతోనూ అన్నారు. క్రూరమే. నేను కాదనను. కానీ ఆ రోజు నన్ను అడిగిన ప్రశ్న ఎవరికీ క్రూరంగా అనిపించలేదు.

ఆ బొంగురు గొంతు వినే నేను తిరుపతికి వెళ్ళాను. జలుబు అన్నారు మేడమ్. జలుబు కాదు. పరీక్షలు చేయిస్తే గొంతు క్యాన్సర్ అన్నారు. రేడియేషన్ మొదలుపెట్టారు. నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళేదాన్ని. చివరిసారి చూసినప్పుడు ఆమెకు గాలి తప్ప మాట మిగల్లేదు. నోటి దగ్గర చెవి పెడితేనే వినబడేది.

"మా నాయన పోయే ముందు నాతో మాట్లాడినాడు, తెలుసునా" అన్నారు ఆ రోజు. "నా చెయ్యి పట్టుకొని, ఇప్పుడన్నా సెప్పు పాపా, నేను బతికింది తప్పా అన్నాడు."

"మీరేమన్నారు మేడమ్?"

"తప్పు గాదు నాయనా అన్నా."

నాకు గుండె మీది బరువు దిగినట్టయింది. ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపారు, ఇంకా ఉందన్నట్టు.

"కండ్లు మెరిసినాయి ఆయనకు. అయితే బాంబు న్యాయమే గదా అన్నాడు. ఆయనకు రెండూ ఒకటే. ఒకటి ఒప్పుకుంటే రెండోదీ ఒప్పుకోవాల." ఊపిరి కూడదీసుకున్నారు. "నేను చెయ్యి ఎనక్కు తీసుకున్నా. సచ్చిపోతా ఉండే మనిషి, హసీనా. ఔ నాయనా అంటే ఎవరికి తెలుస్తాది? ఏం పోతాది? నోరు రాలేదు. ఆయన చెయ్యి అట్లే తెరుచుకొని మంచం మీద ఉండిపోయింది."

నేను అడిగాను. "ఇప్పుడైతే అంటారా?"

ఆమె ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. నేను చూస్తుండగానే ఆ కళ్ళలో ఎవరో వచ్చి నిలబడినట్టూ, వెళ్ళిపోయినట్టూ అనిపించింది.

"అనను" అన్నారు.

తర్వాత మెడ మీది పల్చటి గుడ్డ తీసి చూపించారు. చెవి కింద నుంచి భుజం దాకా చర్మం నల్లగా మాడి, మడతల్లో పొరలుగా లేచి, కింద ఎర్రగా తడి మెరుస్తోంది. "ఇది డాక్టరు కొలిచి పెట్టిన మంట. ముందుగా చెప్పి, పడుకోబెట్టి, చాలనుకున్నప్పుడు ఆపేసిన మంట. దీనికే నేను లోలోపల అరస్తా ఉండా" అన్నారు.  

అప్పుడే కరెంటు పోయింది. ఎండాకాలం మధ్యాహ్నం, గది క్షణంలో కాగిపోయింది. బీరువా పక్కన తాటాకు విసనకర్ర కనబడితే తీసుకుని ఆమె ముఖం మీద విసరబోయాను. ఆమె పళ్ళు బిగబట్టి తల పక్కకు తిప్పారు. గాలి కూడా ఓర్చుకోలేకపోతున్నారని అర్థమైంది. కుర్చీ వెనక్కి జరుపుకుని, గది కాస్తయినా చల్లబడుతుందని, ఆమెకు తగలకుండా గోడకేసి విసురుతూ కూర్చున్నాను. గోడ మీద క్యాలెండరు లేచి పడుతోంది, లేచి పడుతోంది. ఆమె కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటున్నారు.