చెరువు దారిలో నోరు జారాను

మొన్న ఆదివారం ప్రార్థన ముగిశాక మా చెల్లెలి కూతురు నన్ను బలవంతాన ఆళ్లగడ్డ అవతల, నల్లమల అంచున ఉన్న చెరువుకు తీసుకుపోయింది. ఒకప్పటి కాలిబాటకు ఇప్పుడు రాళ్లు పరిచి, మలుపు మలుపుకూ బోర్డు పెట్టారు. నీళ్లకవతల కొండలు మాత్రం అట్లాగే ఉన్నాయి. వాటిని చూడగానే, ఇన్నేళ్లయినా, నా ఒళ్లు మండింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అక్కడి పల్లె బడిలోనే నేను పంతులమ్మను. పక్కగదిలో ఉండే తోటి పంతులమ్మ నన్ను నోరారా అక్కా అని పిలిచేది. ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం, సెలవొస్తే బొరుగుల ఉగ్గాని మూట కట్టుకుని, చెరువు వెంబడి టేకు చెట్ల నీడన కబుర్లు చెప్పుకుంటూ, కొండలు కనిపించే బండ దాకా నడిచేవాళ్లం. అప్పట్లో నంద్యాలలో మా నాయన పక్షవాతంతో మంచం పట్టాడు, ఆయన్ని పక్కకు తిప్పడానికి అమ్మ ఒక్కతే అల్లాడేది. ఇద్దరు టీచర్లు ఒప్పుకుని సంతకాలు చేస్తే ఒకరి చోటికి ఒకరు మారే వీలు మా ఉద్యోగాల్లో ఉండేది. నెలల తరబడి వెతగ్గా, పుట్టిల్లు ఆళ్లగడ్డ అయిన నంద్యాల టీచరమ్మ ఒకావిడ సరేనంది.

ఆ సంతోషం పట్టలేక, సంతకాలు కాకముందే, చెరువు దారిలో నా తోటి పంతులమ్మకు అంతా చెప్పేశాను, నంద్యాల ఆవిడ ఇల్లుండే వీధితో సహా! ఎంత వెర్రిదాన్ని!

"ఇంగేమక్కా, బేగా మీ నాయన దగ్గరికి పోతావు" అని నా చెయ్యి పట్టుకుంది.

పరీక్ష పేపర్లు దిద్దేసి, పై శనివారం కాగితాలతో నంద్యాల పోతే ఆవిడ తెల్లబోయింది. "ఏందమ్మా, నువ్వు మనసు మార్చుకున్నావంట గదా? మీ పక్కగది ఆయమ్మే వచ్చి చెప్పె. ఆయమ్మతో సంతకాలు గూడా అయిపాయె."

తిరిగొచ్చి పక్కగదిలో దాన్ని నిలదీస్తే, పెట్టె సర్దుకుంటూనే, "నా మొగుడూ ఆడనే ఉండాడు గదక్కా. నువ్వు తడవు చేస్తాంటివి" అంది. మొగుడి దగ్గరికి పోవాలనుకోవడం తప్పు కాదు. నా పేరు చెప్పి అబద్ధమాడింది చూడండి, అది నమ్మకద్రోహం. దేవుని ముందు ఎన్నిసార్లు క్షమించానో, ఇంటికొచ్చి అన్నిసార్లూ మండిపడ్డాను. నాకు బదిలీ వచ్చేలోగా నాయన పోయాడు. చివరిదాకా వాకిలి వైపే చూశాడని అమ్మ చెప్పింది.

ఇప్పుడు బదిలీలన్నీ కంప్యూటర్లోనే అవుతాయట, మంచిదే. నడుస్తూ నడుస్తూ మనసు విప్పే అలవాటు మాత్రం నాకు ఆనాడే పోయింది. మొన్న ఆ బండ దగ్గర మా పిల్ల, "ఏమాలోచిస్తాండావు పెద్దమ్మా?" అంటే, నన్ను ప్రాణంగా చూసుకునే ఆ పిల్లతో కూడా చెప్పలేక, కొండలు బాగున్నాయన్నాను.