మామ పేరు

తలుపుల అనే ఊరి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు గనుక ఆ కుటుంబానికి తలుపుల అనేదే ఇంటిపేరైంది. పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. అట్లా ఆ ఇంటి కోడలు అక్కులమ్మ కొడుకు కూడా తాతలాగే కదిరప్ప అయ్యాడు. కోడలు మామ పేరు పలకకూడదు. అందుకని ఇరవై రెండేళ్లుగా ఆమె కొడుకును "పెద్దోడా" అనే పిలిచింది.

1958లో మామ కళ్లు డాక్టరుకు చూపించడానికి ముగ్గురూ ధర్మవరంలో హిందూపురం రైలెక్కారు. కొడుకు నీళ్లకని దిగాడు. ఇంతలో బండి కూత వేసింది.

"పెద్దోడా!" అని ఆమె కిటికీలోంచి అరిచింది. కొళాయి దగ్గర నలుగురు తిరిగి చూశారు గానీ వాడు చూడలేదు. చూపు ఆనని ముసలాయనతో తానొక్కతే హిందూపురంలో ఏం చేయగలదు? కళ్లు మూసుకుని "కదిరప్పా" అంది. గొంతు కిటికీ దాటలేదు. ఎదురుగా మామ కదిలేసరికి తల దించుకుంది.

"అట్ల గొణిగితే వానికి యాడ వినపడ్తాదమ్మా? ఈ పక్క ఊరికి నలుగురు కదిరప్పలు. ఇంటిపేరు కలిపి గట్టిగా పిలువు," అన్నాడాయన.

బండి కదిలింది. "తలుపుల కదిరప్పా!" అని అక్కులమ్మ ప్లాట్‌ఫారమంతా వినేలా కేక పెట్టింది.

కొడుకు చెంబుతో పరుగెత్తి వచ్చి ఎక్కాడు. "ఎవరుమా నన్ను పిలిచింది?"

ఆమె వాని చేతిలోని చెంబు అందుకుంది.

"మీయమ్మేరా," అన్నాడు మామ. "నేనే పిలవమంటి."