మా బాబాయి ఫోను తీయించడానికి వెళ్ళిన రోజు

మా బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే ఆయన షాపు. విప్పిపడేసిన మిషన్లు, నూనె డబ్బా, బాబిన్లు నింపిన బిస్కెట్ డబ్బాలు, వాటి మధ్య ఆయన. లోపలి గదిలో కిటికీ పక్కన స్టూలు మీద పాత ల్యాండ్‌లైన్ ఫోను ఉండేది. సాయంత్రం పనులు తెమిలాక మా పిన్ని ఆ స్టూలు పక్కన చతికిలబడి వాళ్ళక్కతో, అంటే మా అమ్మతో, కబుర్లు మొదలుపెట్టేది. వెంటనే ముందుగదిలో మిషను చప్పుడు ఆగేది. బాబాయి చెవులు రిక్కించాడన్నమాట.

ఎదురుగా నిలబడి చెప్పిన మాట మాత్రం ఆయన చెవికెక్కదు. కుళాయి కారుతోందని పిన్ని ఎన్నిసార్లు చెప్పినా "ఆఁ, ఆఁ" అని ఊరుకున్నాడు. అదే గోడు ఫోన్లో వెళ్ళబోసుకుంటే, మర్నాడు పొద్దున్నే రెంచి పట్టుకుని కుళాయి ముందు కూర్చున్నాడు. పైగా తనంతట తనే కనిపెట్టినట్టు పోజొకటి. మనిషి మంచివాడే, కానీ ఉడుకుమోతు.

నాలుగు నెలల కిందట అలాగే వింటుంటే ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు జారి కింద పడింది. రొమ్ములో గడ్డ తగులుతోందని, డాక్టరమ్మ వెంటనే పరీక్ష చేయించుకోమందని, ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉందని పిన్ని ఫోన్లో చెబుతోంది. బాబాయి భయపడిపోయాడు. భోజనం దగ్గర తనకి చెబుతుందని చూశాడు. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. కట్టుకున్నవాణ్ణి వదిలేసి అక్కకి చెప్పుకుందని ఆయన భయం కాస్తా అలకైపోయింది. ఆ తర్వాత ఫోన్లో కూడా ఆ ఊసు రాకపోయేసరికి, అక్కాచెల్లెళ్ళు ఆసుపత్రికి వెళ్ళే ఉంటారు, ఏం ఫరవాలేదని చెప్పే ఉంటారు అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పోనీ నోరు తెరిచి అడగొచ్చుగా? పిన్నిని అడిగినా, మా అమ్మని అడిగినా, చాటుగా విన్నానని ఒప్పుకోవాలి. అది ఆయన వల్ల అయ్యే పని కాదు. పిన్ని చూస్తుండగానే చిక్కిపోయింది.

చివరికి బాబాయి బుర్రకి ఒక ఉపాయం తట్టింది. ఆ ఫోను పీకించేస్తే ఇక కష్టసుఖం చెప్పుకోడానికి తను తప్ప ఇంకెవరూ ఉండరు. పైకి చెప్పే కారణం సిద్ధంగానే ఉంది. జేబులో సెల్లుండగా నెలనెలా దానికి బిల్లు దండగనీ, ఖర్చు తగ్గించుకోవాలనీ ప్రకటించి చెప్పులేసుకున్నాడు. ఇంటి బిల్లులన్నీ కట్టేది పిన్నే, అదెంతవుతుందో కూడా ఈయనకి తెలీదు. పిన్ని ఏదో చెప్పబోయింది. ఎదురుగా నిలబడి చెప్పింది కదా, వినిపించుకోలేదు.

టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తా నంబరు కొట్టి చూశాడు, మళ్ళీ కొట్టి చూశాడు.

"ఈ లైను తీసేసి మూడేళ్ళయింది సార్."

బాబాయి నవ్వేశాడు. నిన్న సాయంత్రమే మా ఆవిడ గంటసేపు మాట్లాడిందయ్యా అన్నాడు. ఆ గుమాస్తా ఓపిగ్గా లోపలికెళ్ళి పాత దరఖాస్తు వెతికి తెచ్చాడు. కింద బాబాయి సంతకం, పక్కన నల్లగా నూనె వేలిముద్ర. పిన్ని ఏ కాగితం పెట్టినా చదవకుండా గీకేసే అలవాటు ఆయనది. కౌంటరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనక క్యూలోవాళ్ళు జరగమని కసురుతున్నా కదల్లేదట. లైను లేని ఫోన్లో భార్య మూడేళ్ళుగా మాట్లాడుతోందంటే, ఆవిడకి మతి చలించిందేమో అనుకున్నాడట.

ఇంటికొచ్చి నేరుగా లోపలి గదిలోకి వెళ్ళాడు. ఫోను తీగ పట్టుకుని లాగాడు. బీరువా వెనక నుంచి మొత్తం చేతిలోకి వచ్చేసింది. చివర చుట్ట చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది. పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఎవరితో మాట్లాడుతున్నావే ఇన్నాళ్ళూ?" అన్నాడు.

"మీతోనే," అంది పిన్ని.

ఖర్చు దండగని మూడేళ్ళ కిందట తనే లైను తీయించేసిందట. అక్కతో మాటలు మధ్యాహ్నం ఈయన కునుకు తీస్తున్నప్పుడు, ఈయన సెల్లులోంచే. కానీ ఈ ఇంట్లో ఏ పని కావాలన్నా ఫోన్లో చెబితేనే అవుతుందని ఆవిడకి ఎప్పుడో తెలిసిపోయింది. అందుకని ఫోను మాత్రం ఉంచుకుంది. మిషను చప్పుడు ఆగిందంటే మాట చేరినట్టే.

"గడ్డ సంగతి చెప్పిన రోజు కూడా ఆగింది. చాలాసేపు ఆగింది," అంది పిన్ని. "మర్నాడు మీరే పద అంటారనుకున్నా. అనలేదు. ఈయనకి పట్టలేదు కాబోలు అనుకున్నా. రెండోసారి చెప్పడానికి మనసొప్పలేదు."

మీ అక్క తీసుకెళ్ళిందనుకున్నానని బాబాయి గొణిగాడు. అక్కకి తెలిస్తే కదా తీసుకెళ్ళడానికి! మా అమ్మకి ఆ మాట తెలిసింది ఆ మధ్యాహ్నమే. నాకైతే పిన్నినీ బాబాయినీ నిలబెట్టి చెడామడా తిట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది.

అమ్మ నన్ను పంపింది. సాయంత్రం పిన్నీ బాబాయీ నేనూ ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ పిన్నిని తెర వెనక్కి తీసుకెళ్ళి చూసి, వచ్చి చేతులు కడుక్కుంది. గడ్డ బాగా పెరిగిందని, చంకలోకి కూడా వచ్చిందని, అప్పుడే వచ్చుంటే చిన్న ఆపరేషనుతో పోయేదేమో, ఇప్పుడు రొమ్ము మొత్తం తీసేయాల్సి రావచ్చని చెప్పింది. పిన్ని జాకెట్టు గుండీ పెట్టుకుంటోంది.

"నాలుగు నెలలమ్మా," అంది డాక్టరమ్మ విసుగ్గా. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

పిన్ని బదులు బాబాయి మాట్లాడాడు.

"చెప్పిందండీ. నేను విన్నాను కూడా."