శౌరి గారి గుర్రానికి తెలిసిన మాట

తన వీపు చూడని తెలుగువాళ్ళు ఉండరని శౌరి గారు అంటుంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళపాటు ఆయన సినిమాల్లో గుర్రపు స్వారీకి డూపు. గుర్రం ఎక్కేదాకా హీరో హీరోయే. అది పరుగందుకుందంటే మాత్రం ఆ తలపాగా, ఆ పంచె, ఆ వీపు శౌరి గారివే.

"మరి మొహం ఎప్పుడూ పడలేదా అండీ?" అని అడిగాను.

"ఒక్కసారి పడిందమ్మా. ఆ ముక్క కోసేశారు," అన్నారు, ఎవరో పక్కింటాయన సంగతి చెప్పినట్టు.

ఇప్పుడాయనకు అరవై రెండు. సొంతూరు గుంటూరు దగ్గర ఫిరంగిపురం. ఉండేది మోతీనగర్‌లో. తుంటి ఎముక విరిగాక సినిమాలు మానేసి, ఫిల్మ్‌నగర్ వెనక బండరాళ్ళ మధ్య కాస్త చదును నేల చూసుకున్నారు. ప్రతి మే నెలలో పదిహేను రోజులు పిల్లలకు స్వారీ నేర్పుతారు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా, అంతే. ఉన్నవి మూడు గుర్రాలు. మా నిహారికకు వచ్చింది వాటిలో ముసలిది, ఇరవై రెండేళ్ళ బుజ్జమ్మ.

ఏడేళ్ళ పిల్లను గుర్రం ఎక్కించేముందు నేను చేయగలిగినవన్నీ చేశాను. నేను చదివింది మైక్రోబయాలజీ. గుర్రపు పేడలో ధనుర్వాతం క్రిములు ఉంటాయని తెలుసు కనక ముందే టీకా వేయించాను. నేలనుంచి జీను ఎంత ఎత్తుందో టేపుతో కొలిచాను. అక్కణ్ణుంచి పడితే నేలను తాకే వేగం సెకనుకు ఐదు మీటర్లకు పైమాటే. ఆ లెక్క చెబితే శౌరి గారు శ్రద్ధగా విని, "నేను పడ్డప్పుడు ఎవరూ కొలవలేదమ్మా," అన్నారు.

ఆయనకో పద్ధతి ఉంది. మొదట్లో పిల్లలందరూ పగ్గం మీదే తిరుగుతారు. పగ్గం రెండో కొస ఆయన చేతిలో ఉంటుంది. ఇక ఈ పిల్ల ఒంటరిగా ఒక చుట్టు తిరగగలదు అనిపించిన రోజున మాత్రం ఆయన పగ్గం విప్పరు. తల్లినో తండ్రినో పిలిచి విప్పమంటారు.

"నేను విప్పితే మీరు ఇంటికెళ్ళి నన్ను తిట్టుకుంటారు. మీరే విప్పండి, మిమ్మల్ని మీరే తిట్టుకోవచ్చు."

పదో రోజు నుంచీ నన్ను పిలుస్తూనే ఉన్నారు. నేను రేపు, రేపు అంటూనే ఉన్నాను. అలా ఆఖరి రోజు వచ్చేసింది. పదకొండు మంది పిల్లల్లో పగ్గం మీద మిగిలింది నిహారిక ఒక్కతే. ఆ ఉదయం మధురానగర్ నుంచి స్కూటీ మీద వస్తుంటే వెనకనుంచి నా నడుము పట్టుకుని అడిగింది.

"అమ్మా, ఇవాళ కూడా రేపేనా?"

అందుకే విప్పాను. నేను గట్టి ముడి అనుకున్నది, ఒక కొస లాగితే ఊడి చేతిలోకి వచ్చింది.

"మరి ఆపడం ఎలా అండీ?" అన్నాను.

"చేతిలో కళ్ళెం ఉంది. అది లేకపోయినా ఫరవాలేదు. పదేళ్ళు షూటింగులు చేసిన గుర్రమమ్మా ఇది. యాక్షన్ అంటే మహాతల్లి ఒకసారికి కదలదు, రెండుసార్లు బతిమాలాలి. కట్ అన్నామనుకోండి, మేకు దిగ్గొట్టినట్టు ఆగిపోద్ది. ఎవరన్నా సరే."

గంట మోగితే కుక్కకు నోరూరినట్టన్నమాట. నేను పాఠాల్లో చదువుకున్న సంగతే. నాకు ధైర్యం వచ్చింది. ముప్పంతా ఆ ధైర్యంతోనే వచ్చింది.

నిహారిక బయల్దేరి పది గజాలు పోయిందో లేదో బుజ్జమ్మ నడక వదిలి చిన్న పరుగు అందుకుంది. పిల్ల జీను మీద జానెడు ఎగిరింది. "కట్!" అన్నాను. బుజ్జమ్మ ఆగింది. పిల్ల దాని మెడ మీదికి వాలిపోయింది.

వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నీళ్ళ తొట్టి దాకా వెళ్ళింది. ఒక కుక్క అడ్డం వచ్చింది. "కట్!"

మూడోసారి ఏమీ జరగలేదు. పిల్ల పెద్ద బండరాయి వెనక్కి తిరిగింది, నాకు కనిపించలేదు, అంతే. నా నోట్లోంచి మాట జారింది. రాయి వెనక డెక్కల చప్పుడు ఆగిపోయింది. దాని వెంటే "అమ్మా!" అని పళ్ళు నూరుతున్న గొంతు వినిపించింది.

మనవణ్ణి తీసుకొచ్చిన త్రినాథరావు గారు ప్లాస్టిక్ కుర్చీలో టీ తాగుతున్నారు. ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజరుగా చేశారట. "అమ్మాయ్, మా రోజుల్లో కొత్త హీరోలు కూడా ఇన్ని టేకులు తినలేదమ్మా," అన్నారు.

గడ్డిమోపు దించుతున్న మల్లమ్మ నా వైపు తిరిగింది. "గిన్నిసార్లు ఆపితే దానికి యాష్టకు రాదా అమ్మా? నోరులేని జీవి. నీకేమో నోరు ఎక్కువాయె."

అప్పటికి ఎనిమిదికి పావుగంట తక్కువ. ఎండెక్కితే శౌరి గారు గుర్రాన్ని తిప్పనివ్వరు, ఎవరు అడిగినా ఒప్పుకోరు. "ఇంకొక్కటే, తల్లీ," అన్నారు.

"అమ్మను ఇంటికి పంపించెయ్యండి తాతా," అంది నిహారిక. కళ్ళలో నీళ్ళున్నాయి.

"పంపిస్తే కట్ ఎవరు చెబుతారే?" అని, ఆయన కుంటుకుంటూ నా దగ్గరకొచ్చారు.

"మా ఆవిడ సత్యవతి ఒకసారి నాకు షూటింగుకి క్యారేజీ తెచ్చిందమ్మా. సరిగ్గా అప్పుడే నేను గుర్రం మీంచి పడాల్సిన షాటు. నేను పడ్డాను. 'ఓ మరియ తల్లీ' అని కేక పెట్టింది. షాటు పోయింది, మళ్ళీ పడ్డాను. ఇంకెప్పుడూ రావద్దని కసిరాను. మర్నాడు మళ్ళీ వచ్చింది."

"అప్పుడేం చేశారు?"

"ఆవిడే చేసింది. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇరవయ్యేళ్ళు అంతే. మా ఇంట్లో ఏ చీర కొంగు చూసినా పంటిగాట్లే." నా భుజం వైపు చూశారు. "మీకు చున్నీ ఉందిగా."

నేను చున్నీ కొస మడిచి పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

"యాక్షన్," అన్నారు శౌరి గారు. బుజ్జమ్మ చెవి విదిలించింది. "యాక్షన్ అమ్మా, నా బంగారు తల్లివి కదూ!" అది కదిలింది.

నాకు చేతనైంది లెక్కపెట్టడం ఒక్కటే కాబట్టి అదే చేశాను. తొట్టి దాటింది. పిల్ల ఎగిరింది, మళ్ళీ కూర్చుంది. రాయి వెనక్కి పోయింది. ఒకటి, రెండు, మూడు. చున్నీకి సబ్బు రుచి ఉంది. పదిహేడు దగ్గర బుజ్జమ్మ ముక్కు, ఆ వెనకే ఎర్ర హెల్మెట్ బయటికొచ్చాయి. నిహారిక నా వైపు చూడలేదు. వీపు నిటారుగా ఉంది. సున్నంతో గీసిన గీత దాటింది.

దాటి, ఆగలేదు. బుజ్జమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు మరి.

అందరూ నన్నే చూస్తున్నారు. "అమ్మా, గీత దాటేసింది. ఇప్పుడు చెప్పాలి," అన్నారు శౌరి గారు.

చున్నీ తీద్దామని చెయ్యెత్తాను. సరిగ్గా అప్పుడే పిల్ల మొహం ఇటు తిరిగింది. నోరంతా తెరిచి నవ్వుతోంది, ఊడిన ముందు పళ్ళ సందు కనబడేలా. నేను చెయ్యి దించేశాను. శౌరి గారు ఎండ వైపు చూశారు, నా వైపు చూశారు, దారి వదిలి పక్కకు జరిగారు.

రెండో చుట్టూ పూర్తయి గీత దగ్గరికి వచ్చాక, అరవకుండా, పక్కనున్న మనిషితో అన్నట్టు "కట్" అన్నాను. బుజ్జమ్మ ఆగింది.

"ఓకే," అన్నారు శౌరి గారు.

"ప్యాకప్!" అని త్రినాథరావు గారు టీ గ్లాసు పైకెత్తారు.

శౌరి గారు పిల్లను దించి, బుజ్జమ్మను తొట్టి వైపు నడిపించుకుపోయారు. తుంటి దగ్గర కొంచెం పక్కకు ఒరిగే నడక, దానిపైన వెడల్పాటి వీపు. నేనూ చిన్నప్పుడు ఎక్కడో చూసే ఉంటాను.

స్కూటీ ఎక్కేటప్పుడు చున్నీ కొసలు వెనక్కి ముడివేసుకోవడం నాకు అలవాటు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడితే ఆగాం. వెనకనుంచి నిహారిక ఆ ముడిని వేలితో తట్టింది.

"అమ్మా, ఇది తడిసిందేంటి?"

"చెమట," అన్నాను.