లాకుల వీరాస్వామి నీళ్ల కొలత

రేపల్లె వీరాస్వామికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎవరు నీళ్లు తాగినా కొలవాల్సిందే! ముప్ఫై ఏళ్లు కాలవ లాకుల దగ్గర లస్కరుగా నీటిమట్టం చూసీ చూసీ, రిటైరయ్యాక ఆ చూపును జనం గ్లాసుల మీదికి మళ్లించాడు. పెళ్లి పంక్తిలో వియ్యంకుడు రెండో గ్లాసు ఎత్తితే, "బావగారూ, దీంతో నాలుగొందల మిల్లీలీటర్లు" అనేశాడు. ఆయన్ని చూసి గుటక మధ్యలో ఆపేసినవాళ్లున్నారు. ఊరంతా పిసినారి అనే అనుకుంది.

తెనాలిలో పశువుల డాక్టరు హిమబిందుకు ఇదంతా చెప్పింది ఆయన పక్కింటి సామ్రాజ్యం. ఆవిడ ఒళ్లో పెంపుడు కుక్క టైగరు తల వాల్చేసి ఉంది. రెండు రోజులుగా తిండి లేదు, ఒకటే వాంతులు.

"మా కుక్క తాగే నీళ్ల మీద కూడా ఈయన కళ్లేనండీ! తొట్టికి గీతలు గీశాడు. అతిగా తాగుతోందని రోజూ ఒకటే నస. వరండా అంతా తడిపేస్తోంది గదాని నేనూ నీళ్లు తగ్గించానండి."

హిమబిందు చప్పున సెలైన్ సీసా అందుకుంది. "తగ్గించారా! కిడ్నీలు పాడైతే ఒంట్లో నీరు నిలవదండీ. అందుకే అంత తాగుద్ది, అంత పోస్తది. నీళ్లు ఆపితే ప్రాణం మీదికొస్తది."

"అయ్యో, నా చేతుల్తో నేనే చంపుకుంటున్నానా!" సామ్రాజ్యం ఏడుపు అందుకుంది.

హిమబిందు సెలైన్ పెట్టి, రక్తం, మూత్రం పరీక్షకు పంపింది. "దాహం ఎప్పట్నుంచి పెరిగింది?"

"ఏమోనండీ, నేను లెక్క చూళ్లేదు," అంది సామ్రాజ్యం. వాళ్ల ఆటోలోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డ వీరాస్వామి గొంతు సవరించుకున్నాడు.

"పదో తారీకు దాకా రోజుకు ముప్పావు లీటరండి. ఆపైన లీటరు. ఇరవయ్యో తారీకుకి లీటరున్నర. నాలుగు రోజుల్నుంచి సామ్రాజ్యం తొట్టి ఎండగట్టిందని నేనే గోడ మీంచి గిన్నె దించుతున్నానండి."

హిమబిందు ఆ అంకెలన్నీ గబగబా రాసుకుంది. పన్నెండేళ్ల ఉద్యోగంలో ఇంత కచ్చితంగా చెప్పిన మనిషిని ఆమె చూడలేదు. చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

రెండు గంటల తర్వాత రిపోర్టు వచ్చింది. కిడ్నీ జబ్బే. "పూర్తిగా పోయేది కాదండి. కానీ తొందరగా దొరికింది. మందులు, నేను చెప్పిన తిండి, నెలనెలా పరీక్ష, ఎప్పుడూ నిండా నీళ్లు. ఇవి తప్పకపోతే టైగరు ఇంకా చాన్నాళ్లు మీ వరండా తడపొచ్చు."

"ఇల్లంతా తడపనివ్వండమ్మా!" అంది సామ్రాజ్యం.

"ఇంతకీ ఎందుకండీ ఈ కొలతలు?" హిమబిందు వీరాస్వామిని అడిగింది.

"కాలవలో నీళ్లు తగ్గితే చివరి పొలం రైతు పరిగెత్తుకొచ్చి తిడతాడండి. పాపం, ఇది తిట్టలేదు గదండీ. అది సరే గానీ డాక్టరమ్మా, మేమొచ్చి మూడు గంటలైంది. మీరు చుక్క నీళ్లు ముట్టలేదు."

హిమబిందు బుద్ధిగా సీసా ఎత్తి గటగటా తాగింది.

"మూడొందలు," అన్నాడు వీరాస్వామి. "ఇంకో రెండొందలు పట్టండి."